బ్రాంచి లైను రామేశ్వరానికి, మెయిన్ లైను ధనుష్కోటికి

1964 డిసెంబరు తుఫానుకు ముందు, తమిళనాడు తీరంలో రామేశ్వరం ఉన్న ద్వీపం మీది పాంబన్ ఒక జంక్షన్. ప్రధాన భూభాగం నుంచి సముద్రం మీది వంతెన దాటి ద్వీపంలోకి అడుగుపెట్టిన మీటర్‌గేజ్ మార్గం అక్కడ రెండుగా చీలేది. ఒక పాయ సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని రామేశ్వరానికి పోయేది. రెండోది ఇసుక తిన్నెల మీదుగా దాదాపు 24 కిలోమీటర్లు సాగి, రెండు వైపులా సముద్రం కమ్ముకొచ్చే సన్నని నేలనాలుక చివర ధనుష్కోటి దగ్గర ఆగేది. దేశం నలుమూలల నుంచీ యాత్రికులు తరలివచ్చే రామేశ్వరానిది బ్రాంచి లైను. వేట మీద బతికే బెస్తల ఊరికి వెళ్లేది మెయిన్ లైను. రైళ్ల గురించి కొంచెం తెలిసినవారికి ఎవరికైనా ఈ అమరిక తిరగబడినట్టు కనిపిస్తుంది.

ధనుష్కోటి గురించి తెలుగులో వచ్చే రాతలు, వీడియోలు దాదాపు అన్నీ తుఫానుతో మొదలై తుఫానుతో ముగుస్తాయి. ఒక్క రాత్రిలో మునిగిన ఊరు, అలల్లో కొట్టుకుపోయిన రైలు, ఇప్పటికీ మిగిలిన మొండి గోడలు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ స్టేషన్ అరవై ఏళ్లుగా ఎందుకు మూతబడి ఉందో తుఫాను ఒక్కటే చెప్పలేదు. తుఫాను కూల్చిన రైలు మార్గాలను మళ్లీ వేసుకోవడం తీరప్రాంత రైల్వేలకు కొత్త కాదు. ఆ తుఫానే విరిచిన పాంబన్ వంతెనను నెలన్నరలో నిలబెట్టారు. అదే తుఫాను ఊడ్చుకుపోయిన ధనుష్కోటి లైను జోలికి మాత్రం పోలేదు. ఈ తేడాకు సమాధానం గాలివాన వేగంలో దొరకదు. ఆ లైను ఎవరి కోసం పుట్టిందన్న ప్రశ్నలో దొరుకుతుంది.

(మనవాళ్లు ధనుష్కోటి అంటారు, విల్లు కొన అని అర్థం చెప్పుకుంటారు. తమిళ ఉచ్చారణను అనుసరించి పత్రికలు ధనుష్కోడి అని రాస్తాయి. సేతుస్నానానికి వెళ్లివచ్చిన పెద్దల నోట వినిపించే మాటనే ఇక్కడ వాడుతున్నాను.)

దక్షిణ భారత రైల్వే 1876లోనే తూత్తుకుడి చేరింది. మద్రాసు నుంచి కొలంబో వెళ్లేవారు అక్కడిదాకా రైల్లో పోయి, ఆపైన ఆవిరి ఓడ ఎక్కి ఒక రాత్రంతా సముద్రం మీద గడిపేవారు. ఓడను అందుకునే రైలు కాబట్టి దానికి బోట్ మెయిల్ అని పేరు. ఆ సముద్ర ప్రయాణాన్ని ఎంత కుదిస్తే అంత లాభం అన్నది నాటి రైల్వే కంపెనీ, వలస ప్రభుత్వం కలిసి వేసిన లెక్క. పటం ముందు పెట్టుకుంటే సింహళానికి (అప్పటి సిలోన్, ఇప్పటి శ్రీలంక) అతి దగ్గరి కొన పాంబన్ ద్వీపం చివర కనిపిస్తుంది. అవతలి ఒడ్డున తలైమన్నార్ ఉంది. మధ్యలోని లోతు తక్కువ నీటి మీద ఏకంగా రైలు వంతెనే కట్టాలన్న ఆలోచన కూడా సాగింది కానీ, చివరికి పాంబన్ కాలువ మీద వంతెన, అవతల ఓడ అన్న ఏర్పాటు దగ్గర ఆగారు. రెండు కిలోమీటర్లకు పైగా పొడవున్న పాంబన్ వంతెన 1914 ఫిబ్రవరి 24న మొదలైంది. ఓడలు పోవడానికి వీలుగా మధ్యలో రెండు రెక్కలుగా పైకి లేచే షెర్జర్ స్పాన్ ఉండేది. దానిని మనుషులే మీటలు పట్టి తిప్పుతూ తెరిచేవారు. అదే ఏడాది నుంచి బోట్ మెయిల్ తూత్తుకుడి దారి వదిలి ధనుష్కోటి దారి పట్టింది.

అప్పటి నుంచి మద్రాసు ఎగ్మోర్ స్టేషన్‌లో కొన్న ఒక్క టికెట్టుతో కొలంబో చేరవచ్చు. ధనుష్కోటిలో రైలు దిగి, కస్టమ్స్ తనిఖీ ముగించుకుని, రేవులో స్టీమరు ఎక్కితే సుమారు రెండు గంటల్లో తలైమన్నార్. అక్కడి రేవు మీద సిలోన్ రైలు సిద్ధంగా ఉండేది. ఇర్విన్, గోషెన్ వంటి స్టీమర్ల పేర్లు రైల్వే టైంటేబుళ్ల ద్వారా ఆ రోజుల్లో ప్రయాణికులకు పరిచయమే. స్టేషన్ చుట్టూ పెరిగినదంతా ఈ రాకపోకల కోసం పెరిగిందే. కస్టమ్స్ కార్యాలయం, తపాలా తంతి కార్యాలయం, రేవు కార్యాలయాలు, రైల్వే ఉద్యోగుల ఇళ్లు, చిన్న ఆసుపత్రి, బడి, చర్చి, యాత్రికుల సత్రాలు అక్కడ వెలిశాయి. ఊరు ముందు పుట్టి దానికి స్టేషన్ రావడం మన గ్రామాల్లో చూసే వరుస. ధనుష్కోటిలో బెస్తల గుడిసెలను పక్కన పెడితే, మిగిలిన ఊరంతా స్టేషన్ వచ్చాక దాని వెంట వచ్చింది.

ఒక్క టికెట్టు సౌకర్యం గురించి చెప్పేటప్పుడు తెల్లదొరలను, వ్యాపారులను, యాత్రికులను తలుచుకోవడం అలవాటైపోయింది. నిజానికి ఆ లైను బరువు మోసింది తేయాకు తోటల కూలీలు. దక్షిణ తమిళ జిల్లాల నుంచి సింహళం కొండల్లోని తోటలకు మనుషులను తోలుకుపోయే దారి అది. పాంబన్ వంతెనకు ఇవతలి ఒడ్డున, మండపం దగ్గర, సిలోన్ ప్రభుత్వమే భారత గడ్డ మీద ఒక క్వారంటైన్ శిబిరం నడిపింది. తోటలకు పోయే కూలీలు అక్కడ కొన్ని రోజులు వైద్యుల నిఘాలో ఉండి, టీకాలు వేయించుకుని, తర్వాతనే రైలెక్కి ధనుష్కోటికి పోవాలి. అంటే ఆ 24 కిలోమీటర్ల లైను పని ఒక తీర్థానికి భక్తులను చేర్చడం కన్నా, ఒక పరిశ్రమకు కూలీలను సమయానికి చేర్చడం. మెయిన్ లైను బెస్తల ఊరికి, బ్రాంచి లైను జ్యోతిర్లింగ క్షేత్రానికి ఎందుకు వెళ్లిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ రైలు ధనుష్కోటి కోసం రాలేదు, సింహళం కోసం వచ్చింది. ధనుష్కోటి కేవలం నేల అయిపోయిన చోటు.

యాత్రికులు ఆ రైలును వాడుకోలేదని కాదు. కాశీయాత్ర పూర్తి కావాలంటే సేతువు దగ్గర ఇసుక తీసుకుని ప్రయాగలో కలపాలని, అక్కడి గంగను తెచ్చి రామనాథుడికి అభిషేకం చేయించాలని నమ్మే తెలుగు కుటుంబాలకు ధనుష్కోటి స్నానం తప్పనిసరి. అయితే రామేశ్వరం నుంచి అక్కడికి రైలు ఒక్కటే దారి కాదు. మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం తండ్రి కట్టిన పడవ చాలా కాలం యాత్రికులను రామేశ్వరం నుంచి ధనుష్కోటికి తీసుకెళ్లి తీసుకొచ్చేది. ప్రధాన మార్గం రామేశ్వరం పట్టణాన్ని తాకకుండా పక్కనుంచి పోయేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ బండి ఆపడం మానేసినప్పుడు, కదులుతున్న రైల్లోంచి విసిరిన పత్రికల కట్టలను ఏరుకుని ఇంటింటికీ వేసిన కుర్రవాడు కూడా కలామే. ఆయన తొలి సంపాదన ఆ లైను పక్కనే పుట్టింది. పట్టణానికి పత్రికలు అందించడానికి కూడా ఆ రైలు ఆగలేదన్న సంగతి నా వాదనకు కొంత బలమిస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ మార్గం కింద నేల మెల్లగా కదలడం మొదలైంది. సిలోన్ 1948లో తెచ్చిన పౌరసత్వ చట్టం తోటల్లో తరతరాలుగా పనిచేస్తున్న భారత సంతతి కూలీలను ఏ దేశానికీ చెందనివారిని చేసింది. అప్పటిదాకా పొరుగు జిల్లాకు పోయినంత తేలిగ్గా సాగిన రాకపోకలు పాస్‌పోర్టులు, వీసాల మధ్యకు వచ్చాయి. కొత్త కూలీలు పోవడం భారత ప్రభుత్వ నిషేధంతో 1939లోనే చాలావరకు నిలిచింది. ఆ తర్వాత 1964 అక్టోబరు 30న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. ఏ దేశానికీ చెందని సుమారు 9,75,000 మందిలో 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సిలోన్ స్వీకరించాలని, మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత తేల్చాలని అందులో రాసుకున్నారు. మనుషులను అవతలికి పంపడానికి పుట్టిన మార్గానికి ఇప్పుడు వాళ్లను వెనక్కి తెచ్చే పని అప్పగించారన్నమాట. ఒప్పందం మీద సంతకాలు ఆరిన రెండు నెలలకే తుఫాను వచ్చింది.

ఆ రాత్రి వివరాలు చాలాసార్లు చెప్పుకున్నవే అయినా కొన్నింటిని జాగ్రత్తగా చూడాలి. డిసెంబరు మూడో వారంలో దక్షిణ అండమాన్ సముద్రంలో పుట్టిన వాయుగుండం పెను తుఫానుగా మారి, 22వ తేదీన సింహళం ఉత్తర భాగాన్ని దాటి, అదే రాత్రి పాంబన్ ద్వీపం మీద పడింది. ఆ రాత్రి 11.55కు 653 నంబరు పాంబన్–ధనుష్కోటి ప్యాసింజర్ ఆరు పెట్టెలతో, 110 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బందితో పాంబన్ నుంచి బయల్దేరింది. ధనుష్కోటికి కొద్ది దూరంలో సిగ్నల్ పనిచేయలేదు. ఎటు చూసినా చీకటి, గాలి, నీళ్లు. డ్రైవర్ కాసేపు ఆగి, స్టేషన్ నుంచి ఏ సంకేతమూ రాకపోవడంతో, పొడుగ్గా కూత వేసి ముందుకు పోనిచ్చాడు. కొన్ని వందల గజాలు పోకముందే ఉప్పెన రైలు మీద విరుచుకుపడింది. అందులో ఒక్కరూ మిగల్లేదు. ఆ తుఫానులో మొత్తం మృతులు సుమారు 1,800 అని అంచనా.

రైలు మృతుల సంఖ్య 115 అని అన్నిచోట్లా రాస్తారు. అది టికెట్లను బట్టి వచ్చిన లెక్క. టికెట్టు లేకుండా ఎక్కినవారు కూడా ఉంటారు కాబట్టి అసలు సంఖ్య 200 దాకా ఉండవచ్చన్న అంచనాలు అప్పుడే వచ్చాయి. తీరం వెంట బెస్త కుటుంబాలు, రేవు కూలీలు రోజూ ఎక్కిదిగే చిన్న ప్యాసింజర్‌లో ఎంతమంది టికెట్టు కొంటారో మన పల్లె రైళ్లు ఎరిగినవారికి చెప్పనక్కర్లేదు. రైల్వే లెక్కలో లేనివారు చావులోనూ లెక్కకు రాలేదు.

తెలుగువారికి ఆ తుఫానుతో ఇంకో జ్ఞాపకం ఉంది. సావిత్రి, జెమినీ గణేశన్ ఆ రోజుల్లో రామేశ్వరంలోనే ఉండి ప్రాణాలతో బయటపడ్డారు. పెద్దవాళ్లలో చాలామందికి ధనుష్కోటి పేరు మొదట చెవిన పడింది ఆ వార్తతోనే. ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. 115 మంది పేరులేని ప్రయాణికుల కన్నా తప్పించుకున్న ఇద్దరు తారలు పత్రికలకు దగ్గరివాళ్లు.

అప్పటి ప్రధాని శాస్త్రి కొన్నేళ్ల ముందు రైల్వే మంత్రి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి వంద మందికి పైగా చనిపోయినప్పుడు ఆయన రాజీనామా ఇవ్వబోతే నెహ్రూ వద్దన్నారు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర వరదకు తెగిన కట్ట మీద తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ పడిపోయినప్పుడు ఆయన మాట నెగ్గింది. నీళ్లు రైళ్లను మింగడం, దానికి ఎవరో ఒకరు బాధ్యత వహించడం అప్పటికి దేశం ఎరిగినదే. ధనుష్కోటికి వచ్చేసరికి ఆ ప్రశ్న తలెత్తలేదు. ఇంత పెద్ద గాలికి ఎవరిని తప్పుపడతారన్నది సమాధానం. సగం న్యాయమే. తుఫాను సింహళాన్ని దాటుతున్న రాత్రి, దానికి ఎదురుగా సముద్రం మధ్యకు పొడుచుకుపోయిన ఇసుక మీదికి ఒక ప్యాసింజర్‌ను పంపడం మాత్రం గాలి చేసిన నిర్ణయం కాదు. ఆ తర్వాతి కాలంలో పాంబన్ వంతెన మీద గాలివేగం కొలిచే యంత్రాన్ని సిగ్నల్‌కే కలిపారు. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే ఎర్రదీపం దానంతట అదే పడుతుంది, రైలు ఆగుతుంది. డ్రైవర్ విచక్షణకు వదిలేసిన విషయాన్ని యంత్రానికి అప్పగించారంటే, అది విచక్షణకు వదలదగినది కాదని ఒప్పుకున్నట్టే.

వంతెన సంగతి మన ఇంజినీర్లు గర్వంగా చెప్పుకునే కథ. తుఫానుకు 126 గర్డర్లు, అంటే పట్టాలను మోసే ఉక్కు దూలాలు, కొట్టుకుపోయాయి. పైకి లేచే షెర్జర్ స్పాన్ మాత్రం నిలిచింది. ఆరు నెలల్లో పూర్తి చేయాలని రైల్వే మొదట అనుకుంది, పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. పని అప్పగించింది 32 ఏళ్ల ఎలాటువళపిల్ శ్రీధరన్‌కు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రోలతో దేశమంతా పేరు తెచ్చుకున్న ఆయన ఇంజినీరింగ్ చదువుకున్నది మన కాకినాడ ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలో. దేశం నలుమూలల నుంచి కొత్త గర్డర్లు వచ్చేదాకా ఆగకుండా, సముద్రంలో పడిపోయిన పాతవాటినే వెతికి పైకి లాగించి, మళ్లీ అమర్చి, 46 రోజుల్లో వంతెన మీద రైలు నడిపించారు. రామేశ్వరానికి రోడ్డు వంతెన 1988లో గానీ రాలేదు. కాబట్టి ఆ రోజు రైలు నిలిస్తే ద్వీపం మొత్తానికి ప్రధాన భూభాగంతో పడవలే దిక్కు. తొందర అర్థం చేసుకోదగినదే.

కానీ ఆ 46 రోజుల ఘనత చెప్పేటప్పుడు రైలు ఎక్కడిదాకా వెళ్లిందో ఎవరూ అడగరు. వంతెన దాటిన రైలు రామేశ్వరం దాకానే వెళ్లింది. బ్రాంచి లైను మెయిన్ లైను అయింది. మెయిన్ లైను ఇసుకలో కలిసింది. ధనుష్కోటి నివాసానికి పనికిరాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. సింహళం ఓడను రామేశ్వరానికి మార్చారు. శాస్త్రి–సిరిమావో ఒప్పందం ప్రకారం వెనక్కి వచ్చిన లక్షలాది మంది ‘రామానుజం’ ఓడలో తలైమన్నార్ నుంచి రామేశ్వరంలో దిగారే గానీ ధనుష్కోటిలో కాదు. కాందిశీకుల పునరావాసం కోసం 1969లో పుట్టిన రెప్కో బ్యాంకు బోర్డులు ఇవాళ తెలుగు నగరాల్లోనూ కనిపిస్తాయి. బర్మా నుంచి వచ్చిన మన ఉత్తరాంధ్రవారితో పాటు సింహళం నుంచి వచ్చిన తోటకూలీల చరిత్ర కూడా ఆ బోర్డు వెనుక ఉంది. 1980లలో సింహళంలో అంతర్యుద్ధం రాజుకున్నాక ఆ ఓడ కూడా ఆగింది. ఆ తర్వాత మండపం శిబిరం మళ్లీ నిండింది, ఈసారి శరణార్థులతో. ఒకప్పుడు మనుషులను అవతలికి పంపేందుకు కాపలా కాసిన చోటే, అవతలి నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవారికి నీడ అయింది.

దీనికి ఎదురువాదం ఉంది, అది బలమైనదే. ధనుష్కోటి నేల నమ్మదగినది కాదు. ఇటు బంగాళాఖాతం వైపు జలాలు, అటు మన్నార్ సింధుశాఖ, నడుమ గాలికి రూపు మార్చుకునే ఇసుక. కట్ట వేసినా ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు. మళ్లీ లైను వేయకపోవడం వివేకమే అంటే నేను కాదనను. కానీ అదే ఇసుక మీద 2017లో ముకుందరాయర్ సత్రం నుంచి ధనుష్కోటి మీదుగా ద్వీపం చివరి కొన అరిచల్‌మునై దాకా తారు రోడ్డు వేసి ప్రధాని చేత ప్రారంభింపజేశారు. ఊరు నివాసానికి పనికిరాదన్నాక కూడా బెస్త కుటుంబాలు అక్కడే తాటాకు గుడిసెల్లో, ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బతుకుతూ వచ్చాయి. తవ్వుకున్న చెలమల నీళ్లే వాళ్లకు ఆధారం. అంటే ‘పనికిరాదు’ అన్నది నేలను చూసి చెప్పిన మాటగా మొదలై, ఆ నేల మీద ఎవరుంటారన్నదాన్ని బట్టి అమలైంది. పర్యాటకుడి కారుకు పనికొచ్చే నేల, బెస్త ఇంటి పునాదికి పనికిరాలేదు.

రైలు మార్గాలు ఒకసారి పోతే తిరిగి రావని కూడా కాదు. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇనుము కోసం పట్టాలు పీక్కుపోయారు. తరాలు గడిచాక, కోనసీమ నుంచి గట్టిగా వినిపించిన గొంతులు, వాటికి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పలుకుబడి తోడై, 2004లో అది మళ్లీ పట్టాలెక్కింది. ఆ లైను లాభనష్టాల మీద వేరే వాదనలుండవచ్చు, కానీ దాని వెంట ఊళ్లున్నాయి, ఓట్లున్నాయి, అడిగేవాళ్లున్నారు. ధనుష్కోటి లైనుకు అడిగేవాళ్లు లేరు. దాన్ని వేయించిన వలస ప్రభుత్వం వెళ్లిపోయింది, తోటల కూలీ వ్యాపారం ముగిసింది, ఓడ పోయింది. బెస్తల గొంతు రామనాథపురం జిల్లా దాటి వినపడేది కాదు.

అవతలి ఒడ్డు కథ ఇంకా ఆసక్తికరం. తలైమన్నార్ లైను యుద్ధంలో మూతబడి, పట్టాలు కూడా మిగలకుండా పోయింది. యుద్ధం ముగిశాక దాన్ని మళ్లీ వేసింది భారత ప్రభుత్వ రంగ సంస్థ ఇర్కాన్, భారత్ ఇచ్చిన అప్పుతో. 2015 మార్చి 14న ప్రధాని మోదీ తలైమన్నార్ రేవు స్టేషన్‌లో నిలబడి రైలుకు పచ్చజెండా ఊపారు. అంటే 1914 నాటి జంట మార్గంలో సింహళపు సగాన్ని మన సంస్థే బాగు చేసి ఇచ్చింది. మన సగం ఇసుకలోనే ఉంది. అక్కడ ఆ లైను వెంట మన్నార్ పట్టణం, ఊళ్లు, పొలాలు ఉన్నాయి కాబట్టి ఓడ లేకపోయినా రైలుకు పని ఉంది. ధనుష్కోటికి ఓడే పని. ఓడ లేని ధనుష్కోటి రైలు ఎవరిని ఎక్కించుకుంటుంది?

ఈ ప్రశ్నకు 2019లో ఒక జవాబు ప్రయత్నించారు. ఆ ఏడాది మార్చి 1న కన్యాకుమారి సభ నుంచి రామేశ్వరం–ధనుష్కోటి లైనుకు ప్రధాని శంకుస్థాపన చేశారు. 17.20 కిలోమీటర్లు, 208 కోట్ల రూపాయల అంచనా. పాతదానిలా పాంబన్ నుంచి నేరుగా కాకుండా రామేశ్వరం నుంచి మొదలయ్యే మార్గం అది. తర్వాత అంచనా వ్యయం బాగా పెరిగింది. కావలసిన నేలలో ఎక్కువ భాగం అటవీ భూమి, ప్రభుత్వ భూమి. తమిళనాడు ప్రభుత్వం పర్యావరణ కారణాలు చూపి భూమి ఇవ్వడానికి ఒప్పుకోకపోవడంతో పని ముందుకు సాగలేదు. ఇందులో పార్టీల పంతం పాలు లేదని ఎవరూ అనరు. అయినా నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఈసారి కూడా రైలును తలపెట్టింది అక్కడ ఉండేవారి కోసం కాదు. ఉదయం వచ్చి, సముద్రాలు కలిసే చోట ఫొటోలు దిగి, సాయంత్రం వెళ్లిపోయే సందర్శకుల కోసం. వాళ్లకు రోడ్డు ఉంది. ఆ పక్కనే మన్నార్ సింధుశాఖ జాతీయ సముద్ర ఉద్యానం ఉంది. మన పులికాట్‌కు వచ్చినట్టే ఆ లోతు తక్కువ నీళ్లకూ రాజహంసలు (ఫ్లెమింగోలు) వస్తాయి. 2025 జూన్‌లో అక్కడ రాజహంసల అభయారణ్యాన్ని కూడా ప్రకటించారు. ఆ తీరం భరించగల బరువు ఎంతో ఇప్పటికే రోడ్డు మీది వాహనాలు పరీక్షిస్తున్నాయి.

పాంబన్‌లో మాత్రం డబ్బుకు కొదవ లేదు. వందేళ్లు దాటిన పాత వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, మధ్యలో 72.5 మీటర్ల స్పాన్ నిట్టనిలువుగా పైకి లేచే కొత్త వంతెన ప్రారంభమైంది. దానికి 500 కోట్లకు పైగా ఖర్చయింది. రామేశ్వరం పుణ్యక్షేత్రం కాబట్టి ఆ ఖర్చును ప్రశ్నించినవారు తక్కువ, ప్రశ్నించాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. ఆ ఖర్చులో నూరో వంతు పెట్టినా ధనుష్కోటి స్టేషన్ శిథిలాలకు ఒక పద్ధతి వస్తుంది. ఇవాళ అక్కడ మిగిలినవి చర్చి మొండి గోడలు, తపాలా కార్యాలయపు ఆనవాళ్లు, స్టేషన్ గోడల ముక్కలు, ఆవిరి ఇంజన్లకు నీళ్లందించిన ట్యాంకు. గట్టి గాలులు వీచినప్పుడు తిన్నెలు జరిగి పాత పట్టాలు అక్కడక్కడా బయటపడతాయి. వాటి మీదే గవ్వల దండల దుకాణాలు, చేపల వేపుడు బండ్లు. దుకాణాలను తరిమేయాలని కాదు, అవి నడిపేది ఎక్కువగా ఆ బెస్త కుటుంబాలవారే. కానీ ఏ గోడ దేనిదో చెప్పే పలక, పట్టాలు పోయిన దారిని చూపే గుర్తు, మండపం శిబిరం నుంచి రేవు దాకా నడిచిన కూలీల కథ, 653 నంబరు రైలు కథ చెప్పే చిన్న ప్రదర్శనశాల పెట్టడానికి భూసేకరణ, పర్యావరణ అనుమతులు అక్కర్లేదు. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో మనం మృతుల గుర్తు నిలుపుకున్నాం. అక్కడ ఊళ్లు తిరిగి లేచాయి కాబట్టి తలుచుకునేవారు మిగిలారు. ధనుష్కోటిలో ఆ పని ప్రభుత్వం చేయకపోతే చేసేవారు లేరు.

రైల్వే దగ్గర మాత్రం ధనుష్కోటి పూర్తిగా చెరిగిపోలేదు. ఎగ్మోర్ నుంచి రామేశ్వరం వెళ్లే రాత్రి రైలును చాలామంది ఇప్పటికీ బోట్ మెయిల్ అనే పిలుస్తారు. రైలు దిగినవారు ఆలయంలో తీర్థాల స్నానం ముగించుకుని ఆటోలోనో బస్సులోనో అరిచల్‌మునై దాకా వెళ్తారు. రోడ్డు అక్కడ ఒక స్తంభం చుట్టూ గుండ్రంగా తిరిగి వెనక్కి వస్తుంది. చీకటి పడకముందే పోలీసులు అందరినీ పంపించేస్తారు. ఫోన్లు కొన్నిసార్లు శ్రీలంక సిగ్నల్ పట్టుకుని, ఆ దేశానికి స్వాగతం అని సందేశం చూపిస్తాయి. తలైమన్నార్ రేవుకు ఆ వేళకు కొలంబో రైలు వచ్చిందో లేదో ఈ ఒడ్డు నుంచి కనిపించదు.